చెవిన పడ్డ మాటలు

పక్క ఫ్లాట్ పాపకు ఆరేళ్ళు. బడి బస్సు దిగాక వాళ్ళమ్మ ఆఫీసు నుంచి వచ్చేదాకా మా ఇంట్లోనే ఉంటుంది. మొన్నొక సాయంత్రం నా దువ్వెన చెవికి ఆనించుకుని హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకి పచార్లు చేస్తూ మాట్లాడుతోంది. "ఆఁ, చెప్పండి... ఊఁ... లేదు లేదు, అది నిన్ననే పంపించేశా... ఊఁ... అలా కుదరదండీ... సరే, మళ్ళీ చేస్తా." వాళ్ళమ్మ గొంతు, వాళ్ళమ్మ నడక, ఆఖరికి మాట మధ్యలో జుట్టు వెనక్కి తోసుకోవడం కూడా అచ్చంగా అదే. నవ్వొచ్చింది. కానీ కాసేపు చూశాక నా దృష్టి ఆ మాటల మీద నుంచి వాటి మధ్యనున్న ఖాళీల మీదికి పోయింది. ఎంతసేపు ఊరుకోవాలో, ఏ ఖాళీలో కనుబొమలు ముడవాలో, ఎక్కడ గట్టిగా ఊపిరి వదలాలో ఆ పిల్లకి కచ్చితంగా తెలుసు. "ఎవరమ్మా ఫోన్లో?" అని అడిగాను. "ఎవరూ లేరు అమ్మమ్మా. ఫోన్ మాట్లాడుతున్నా, అంతే" అంది, ఇదేం ప్రశ్న అన్నట్టు చూసి. ఆ జవాబులో తప్పేమీ లేదు. అయినా రాత్రి వంటిల్లు సర్దుకుంటుంటే కూడా అదే గుర్తొచ్చింది. ఆటలోనైనా అవతలి మనిషి ఉండాలి కదా? లేకపోతే నాకెందుకంత వెలితిగా అనిపించింది?

మేం ఆడిన ఆటల్లో మనుషులకు కొదవ ఉండేది కాదు. తెనాలి దగ్గర మా ఊళ్ళో వేసవి సెలవులంటే బొమ్మల పెళ్ళిళ్ళు. పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ నోరులేని బొమ్మలు, వాళ్ళతో మాకు పని లేదు. మాకు కావలసింది వియ్యపురాలి అలక, ఆడపడుచు సాధింపు, చక్రకేళీలు తక్కువయ్యాయని పెదమామ గారి చిందులు, మధ్యలో సర్దిచెప్పే ముసలాయన. ఒకళ్ళు అంటే ఇంకొకళ్ళు అందుకునేవాళ్ళం. తొమ్మిదేళ్ళ పిల్ల తల పంకిస్తూ "మా వాళ్ళ మర్యాద మాకుంటుంది వదినగారూ" అనేది. ఎవరు నేర్పారు దానికి ఆ మాట? ఎవరూ నేర్పలేదు. మధ్యాహ్నం పూట వసారాలో నాయనమ్మ చింతపండు ముందేసుకుని పిక్కలూ ఈనెలూ తీస్తుంటే మేనత్తలూ ఇరుగమ్మలూ చేరేవాళ్ళు. మేం ఆ పిక్కలతో గవ్వలాట ఆడుతున్నట్టే ఉండేవాళ్ళం. చేతులు ఆటలో, చెవులు వాళ్ళ దగ్గర. ఎవరింట్లో కోడలు పుట్టింటికి పోయింది, ఎందుకు పోయింది, ఎవరు వెళ్ళి తీసుకొచ్చారు, వచ్చాక అత్తగారు ఏమంది, దానికి ఆ పిల్ల ఏమని బదులిచ్చింది, అంతా పూసగుచ్చినట్టు వినపడేది. మరీ గుట్టు మాట వస్తే "పిల్లలున్నారు" అని ఒక దగ్గు దగ్గి, క-భాషలోకి దిగేవాళ్ళు. ఆ భాష మాకు రాదని వాళ్ళ ధీమా. రెండో సెలవులకే మేం దాన్ని వాళ్ళకంటే వేగంగా మాట్లాడేవాళ్ళం.

అరుగు మీద మగవాళ్ళది ఇంకో లోకం. కాలవకి నీళ్ళెప్పుడు వదులుతారు, సొసైటీ అప్పు వాయిదా, దాళ్వాకి ఏ విత్తనం. రేడియో కూడా అంతే, ఇంటిల్లిపాదికీ ఒకటే గొంతు. విజయవాడ కేంద్రం రైతులకు చెప్పే సంగతులు మాకోసం కాదు, అయినా ఎక్కాలు పూర్తిగా రాకముందే నాకు ఎండ్రిన్ పేరు తెలుసు. అది పురుగులకు కొట్టే మందని రేడియో వల్ల తెలిసింది. మనుషులు కూడా తాగుతారని వసారాలో తెలిసింది, ఒక వీధి అవతల ఇంట్లోంచి ఏడుపులు వినపడ్డ రోజున. ఆ రెండో తెలివిడి ఆ వయసు పిల్లకు అక్కర్లేదనే ఇవాళ ఎవరైనా అంటారు. నేనూ అంటానేమో. కానీ ఆ రోజు మా మేనత్త చాలాసేపు మాట్లాడింది, చచ్చిపోయినావిడ గురించి కాదు, బతికుండగా ఆవిడ వచ్చి కూర్చుంటే ఎవరూ ఏమీ అడగలేదనీ, అడగాల్సిందనీ. ఆ మాటలు నాతో అన్నవి కావు. నాతో అని ఉంటే ఇన్నేళ్ళు గుర్తుండేవా?

పిల్లల పెంపకం గురించి మనం ఎప్పుడు మాట్లాడుకున్నా వాళ్ళతో ఏం మాట్లాడాలి, ఎలా మాట్లాడాలి అనే దగ్గరే తిరుగుతాం. విద్యాశాఖలో ఇన్‌స్పెక్టరుగా బడులన్నీ తిరిగిన చలం 'బిడ్డల శిక్షణ' రాసి, కొట్టడం తిట్టడం తప్ప ఇంకో దారి తెలియని ఇళ్ళను కంగారుపెట్టాడు. ఇప్పుడు ఆ పుస్తకం చదివిన ఇళ్ళూ చదవని ఇళ్ళూ కూడా కొంత మారాయి. మా అపార్ట్‌మెంట్ పార్కులో తల్లిదండ్రులు పిల్లల ముందు మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళలోకి చూస్తూ, ఎంత ఓపికగా మాట్లాడతారో చూస్తే ముచ్చటేస్తుంది. ఆ మాట అయిపోగానే లేచి చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుంటారు. పిల్ల అక్కడే ఉంటుంది. పిల్ల కోసం అన్న మాట ముగిసింది కాబట్టి పెంపకం కూడా అక్కడికి ముగిసిందా? అసలు పని అప్పుడే మొదలవుతుందేమోనని నా అనుమానం.

ఆ పాపే ఒకరోజు పెరుగన్నం తింటూ అడిగింది: "అమ్మమ్మా, మా అమ్మని తీసేస్తే ఎక్కడ పెడతారు?" నాకు ఒక నిమిషం అర్థం కాలేదు. మెల్లగా కూపీ లాగితే తేలిందేమిటంటే, వాళ్ళమ్మ బాల్కనీలో తలుపు దగ్గరకి వేసుకుని తన అక్కతో ఫోన్లో మాట్లాడింది. వాళ్ళ కంపెనీలో ఉద్యోగాలు తగ్గిస్తున్నారు. "మమ్మల్ని కూడా తీసేస్తారేమో" అన్న ఒక్క ముక్క తలుపు సందులోంచి లోపలికొచ్చింది. అక్కగారు అటునుంచి ఏమని ధైర్యం చెప్పిందో పాపకి వినపడలేదు. వినపడని సగాన్ని ఆ పిల్ల తనే కట్టుకుంది, తనకు తెలిసిన సామగ్రితో. పాత సోఫా తీసేశారు, పగిలిన టీవీ తీసేశారు, ఇప్పుడు అమ్మ. "ఆఫీసులోంచి తీసేస్తే ఇంకెక్కడ పెడతారు, ఇంటికొచ్చేస్తుంది, అంతే" అన్నాను. కాసేపు ఆలోచించి, "అయితే తీసెయ్యమను" అంది. ఈ సంగతి చెబితే వాళ్ళమ్మ నవ్వింది, తర్వాత కళ్ళు తుడుచుకుంది. "దానికి తెలియకూడదనే కదమ్మా బయటికెళ్ళి మాట్లాడింది" అంది. ఆ తల్లిని ఏమని తప్పుపట్టగలం?

సగం వినడం ఎంత ప్రమాదమో మన జనానికి ముందే తెలిసినట్టుంది. అభిమన్యుడు తల్లి కడుపులో ఉండగా పద్మవ్యూహం సంగతి విన్నాడనీ, సుభద్రకి నిద్రపట్టడంతో బయటికొచ్చే ఉపాయం వినలేకపోయాడనీ చెప్పుకుంటాం. భారతంలో మాత్రం అభిమన్యుడు లోపలికి చొరబడడం తండ్రి నేర్పాడనే అంటాడు. కడుపులో వినడం, నిద్రపోవడం జనం తర్వాత అల్లుకున్న ముచ్చట. ఎందుకు అల్లుకున్నట్టు? పిల్లలకు మనం ఎదుట కూర్చోబెట్టుకుని చెప్పేదానికంటే మన మాటల్లోంచి రాలిపడేదే ఎక్కువ అంటుతుందని ఎవరికో తట్టి ఉండాలి. ఆంథొనీ డికాస్పర్, విలియం ఫైఫర్ అనే అమెరికా పరిశోధకులు 1980లో, పుట్టి మూడురోజులు కూడా కాని బిడ్డలు పరాయి ఆడగొంతు కంటే తల్లి గొంతే వినడానికి మొగ్గుచూపుతారని తేల్చారు. తాము పాలపీక చప్పరించే తీరు మార్చి ఆ గొంతు మోగేలా చేసుకున్నారట ఆ పసిగుడ్లు. కడుపులో ఉన్నప్పుడు ఆ తల్లులు మాట్లాడింది ఎక్కువగా పచారీ కొట్టువాడితోనో, మొగుడితోనో అయి ఉంటుంది. వినవలసినవాళ్ళు వేరు, విన్నవాళ్ళు వేరు.

ఈ విషయంలో ఎందుకో నా చదువు మాటిమాటికీ కాన్సాస్ రాష్ట్రం దగ్గర ఆగుతుంది. అక్కడ బెట్టీ హార్ట్, టాడ్ రిస్లీ అనే ఇద్దరు 42 కుటుంబాలకు నెలనెలా వెళ్ళి, గంటసేపు కూర్చుని, పసిపిల్లలతో ఎన్ని మాటలు మాట్లాడుతున్నారో రెండున్నరేళ్ళ పాటు లెక్కగట్టారు. 1995లో పుస్తకం వేశారు. నాలుగేళ్ళు వచ్చేసరికి బాగా చదువుకున్న ఉద్యోగస్తుల ఇంటి పిల్లకూ, ప్రభుత్వ సాయంతో బతికే ఇంటి పిల్లకూ మధ్య 3 కోట్ల మాటల తేడా ఉంటుందని వాళ్ళ అంచనా. ఆ అంకె లోకమంతా తిరిగింది. పేదింటి తల్లి సరిగ్గా మాట్లాడదన్న నింద కూడా దాని వెంటే తిరిగింది. 2018లో డగ్లస్ స్పెర్రీ బృందం కొన్ని అమెరికా ఊళ్ళలో మళ్ళీ లెక్కపెట్టింది. తల్లి ఒక్కతే కాదు, ఇంట్లో అందరూ పిల్లతో అన్నవీ, పిల్ల చుట్టూ అనుకున్నవీ కలుపుకుంటే ఆ తేడా చాలా మటుకు చెదిరిపోయిందన్నారు. నాకు సంతోషమేసింది, మా వసారాకి ఎవరో సాక్ష్యం చెప్పినట్టు. అంతలోనే ఇంకొందరు శాస్త్రవేత్తలు అడ్డుపడ్డారు. పసివాళ్ళకి మాటలు రావడానికి పనికొచ్చేది ముఖాముఖి వాళ్ళతో అన్న మాటే, పక్కన పోయే మాట కాదు అని. వాళ్ళ వాదనలోనూ బలముంది. ఏడాది పిల్లకి ముద్ద పెడుతూ 'ఇదిగో కాకి' అని చూపిస్తేనే కాకి అనే మాట వస్తుంది. కానీ కాకిని ఎప్పుడు తోలాలో, ఎప్పుడు పిండం పెట్టి దాని కోసం ఎదురుచూడాలో ఎవరు చూపిస్తారు?

గ్వాటెమాలాలో సాన్ పెద్రో అనే మాయా జాతివాళ్ళ ఊరుంది. బార్బరా రోగోఫ్ అక్కడి పిల్లల్ని దశాబ్దాలుగా గమనిస్తున్న మనిషి. ఆవిడా, మారిసెలా కొరియా-చావెజ్ కలిసి చేసిన ఒక పని నాకు బాగా నచ్చింది. ఇద్దరు తోబుట్టువుల్లో ఒకరికి బొమ్మ తయారుచేయడం నేర్పుతారు. రెండో పిల్లని పక్కన కూర్చుని ఆగమంటారు. వారం తర్వాత, ఊరికే కూర్చున్న ఆ పిల్లని పిలిచి ఇప్పుడు నువ్వు చేయి అంటారు. పాత పద్ధతిలో బతుకుతున్న మాయా ఇళ్ళ పిల్లలు తమకు చెప్పని పాఠాన్ని శ్రద్ధగా గమనించారు, చాలా తక్కువ సాయంతో బొమ్మ చేశారు. కాలిఫోర్నియా పిల్లలు తమ వంతు కాదు కాబట్టి వేరే పనిలో పడ్డారు. బాగా చదువుకున్న మాయా తల్లుల పిల్లలు మధ్యస్థంగా ఉన్నారు. 2009లో వచ్చిన ఈ పరిశోధన చదివి నేను కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. చదువుకున్న తల్లుల పిల్లలు ఎందుకు వెనకబడ్డారు? బడిలో పాఠం పేరుపెట్టి పిలిచి చెబుతారు, 'ఇటు చూడు, నీకే చెబుతున్నా' అని. ఆ అలవాటు ఇంట్లోకి వచ్చాక, తనకు చెప్పనిది తనకు సంబంధించింది కాదని పిల్ల తేల్చుకుంటుందేమో. మనం ఇంటిని చిన్న బడిగా మార్చుకున్నాం, అంతా పిల్లల మేలుకే.

పోట్లాటల సంగతి ఇంకా చిక్కు. మా ఇంట్లో నాన్నా అమ్మా కేకలేసుకున్న రోజులు లేకపోలేదు. పొద్దున గొడవైతే సాయంత్రం అమ్మ కాఫీ గ్లాసు ఆయన ముందు కాస్త చప్పుడయ్యేలా పెట్టేది, ఆయన పేపర్లోంచి తలెత్తకుండా "పంచదార చాల్లేదు" అనేవాడు, ఆవిడ "నోట్లో ఉన్న చేదుకి ఎంత వేసినా చాలదు" అనేది, నాయనమ్మ నవ్వేది. అయిపోయింది. మేం పుస్తకాల్లో తలదూర్చి ఆ సంధి మొత్తం వినేవాళ్ళం. ఇప్పటి యువదంపతులు చాలా మర్యాదస్తులు, అయినా ఎప్పుడో ఒకప్పుడు గొంతు లేస్తుంది, ఆ కేక పిల్లకు వినపడుతుంది. రాజీ మాత్రం మర్నాడు ఆఫీసు నుంచి వాట్సాప్‌లో జరుగుతుంది, సారీ అని ఒక మాట, దాని పక్కన ఒక బొమ్మ. అది పిల్ల చెవిన పడదు. ఆరెగన్ విశ్వవిద్యాలయంలో ఆలిస్ గ్రాహమ్ బృందం నిద్రపోతున్న పసివాళ్ళ మెదడును స్కానింగ్‌లో చూస్తూ కోపపు గొంతులు వినిపించింది. గొడవలెక్కువైన ఇళ్ళ పిల్లల మెదడు నిద్రలోనూ ఎక్కువగా ఉలిక్కిపడింది. అయితే మార్క్ కమింగ్స్ అనే ఆయన ఇంకో సంగతి చూపించాడు. పెద్దల గొడవ చక్కబడిందని తెలిస్తే పిల్లల బెదురు బాగా తగ్గుతుంది, సర్దుబాటు వాళ్ళ కళ్ళముందు జరగకపోయినా సరే. అంటే వసారా లేకపోయినా ఫర్వాలేదన్నమాట, ఎలాగో ఒకలా తెలిస్తే చాలు. ఇది చదివి నా వాదన కొంచెం నీరసపడింది. పడనీ.

అసలు వసారాని మరీ నెత్తికెత్తుకోవడం న్యాయం కాదు. మా పెరటి గోడ గూట్లో ఒక సత్తుగ్లాసు బోర్లించి ఉండేది. పొలం పనికి వచ్చిన మనిషికి దాంట్లో మజ్జిగ పోసేవాళ్ళు, తాగి తనే కడిగి మళ్ళీ బోర్లించేవాడు. అది లోపలికి తేకూడదని నాతో ఎవ్వరూ అనలేదు. అమ్మ అనలేదు, నాయనమ్మ అనలేదు. పైగా నాన్న మనుషులంతా ఒక్కటేనని చెప్పేవాడు, నిజంగా నమ్మే చెప్పేవాడు. అయినా ఐదేళ్ళకే నాకు తెలుసు, దాహమేస్తే ఏ గ్లాసు తీసుకోవాలో, ఏది ముట్టుకోకూడదో. నాన్న మాట ఒక చెవిన పడింది, గూట్లో గ్లాసు ఏ మాటా అనకుండానే గెలిచింది. చెవిన పడే మాటలకు గొంతు కూడా అక్కర్లేదన్నమాట.

రోజర్ బార్కర్ అనే పరిశోధకుడి సంగతి ఇక్కడే చెప్పాలి, ఆయన పనిచేసిందీ కాన్సాస్‌లోనే. 1949 ఏప్రిల్ 26న ఒక చిన్న ఊళ్ళో ఏడేళ్ళ కుర్రాడు నిద్రలేచినప్పటి నుంచి పడుకునేదాకా పరిశీలకులు వంతులవారీగా వెంటే ఉండి ప్రతి కదలికా రాసుకున్నారు. దాన్ని ఆయనా హెర్బర్ట్ రైటూ 1951లో పుస్తకంగా తెచ్చారు. అలాంటి రోజుల్ని చూడగా చూడగా బార్కర్‌కి అర్థమైంది ఏమిటంటే, పిల్ల ఎలా ప్రవర్తిస్తుందో చెప్పడానికి అది ఎవరి పిల్ల అనేదాని కంటే ఇప్పుడు ఎక్కడుందనేది ఎక్కువ పనికొస్తుందని. దుకాణంలో ఉన్న పిల్ల దుకాణంలా, బడిలో ఉన్న పిల్ల బడిలా ఉంటుంది. మరి మన అపార్ట్‌మెంట్‌లో ఉన్న పిల్ల? చాలా చోట్ల రెండు లిఫ్టులుంటాయి. ఒకదాని పక్కన పనివాళ్ళు, డెలివరీవాళ్ళు ఇందులోనే వెళ్ళాలని బోర్డు. మా బంధువుల భవనంలో నాలుగేళ్ళవాడు, వాణ్ణి రోజూ స్నానం చేయించి అన్నం పెట్టే ఆయాని చేయి పట్టి ఆపి "ఆంటీ, నీది అది" అని రెండో లిఫ్టు చూపించాడు. ఎంత ప్రేమగా చూపించాడో! ఆవిడకి దారి తెలియదేమో అన్నట్టు. వాడి తల్లిదండ్రులకి ఈ విషయం చెబితే బిత్తరపోయారు. నిజంగానే వాళ్ళింట్లో అలాంటి మాట పుట్టదు. లిఫ్టు చెప్పింది.

ఇక అమెరికాలో మా పిన్ని మనవడున్నాడు, డాలస్‌లో. పన్నెండేళ్ళు. వాడికి తెలుగు నేర్పాలని వాళ్ళమ్మ వారాంతపు తరగతులకి పంపింది, పద్యాలు బట్టీ పట్టించింది. వచ్చిన తెలుగు అంతంతమాత్రం. కానీ వాడితో ఫోన్లో మాట్లాడితే హఠాత్తుగా "బీపీ మాత్ర వేసుకున్నావా? నీళ్ళమోటారు బాగుచేయించావా?" అంటాడు, అచ్చు గుంటూరు యాసలో. వాళ్ళమ్మ రోజూ వంటచేస్తూ స్పీకర్‌లో పిన్నితో మాట్లాడే మాటలవి. వాడికి పండ్ల పేర్లు రావు, కానీ మోకాళ్ళ నొప్పులు, అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేయకపోవడం, కరెంటు పోవడం వచ్చు. 2002లో టెర్రీ ఔ బృందం ప్రచురించిన పరిశోధన వాడి గురించే రాసినట్టుంటుంది. చిన్నప్పుడు ఇంట్లో స్పానిష్ ఊరికే విని, మాట్లాడకుండా పెరిగినవాళ్ళు కాలేజీలో ఆ భాష నేర్చుకుంటే, కొత్తగా నేర్చుకున్న తోటివాళ్ళ కంటే వాళ్ళ పలుకు అసలువాళ్ళకు దగ్గరగా ఉందట. వ్యాకరణంలో మాత్రం పెద్ద తేడా లేదట.

ఈ ముచ్చట నేనే వాళ్ళమ్మకి, అంటే మా చెల్లికి చెప్పాను. అది వెంటనే ఆచరణలో పెట్టింది. కారులో వెళ్ళేటప్పుడు వెనక సీట్లో పిల్లవాడు వినాలని, మొగుడూ పెళ్ళాలిద్దరూ చక్కటి తెలుగులో సంక్రాంతి ముగ్గుల గురించీ, గోదావరి గురించీ మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. రెండు రోజుల్లో వాడు పసిగట్టాడు. "ఇదంతా నాకోసమే కదా" అని ఇంగ్లీషులో అనేసి హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు. చెల్లి నాకు ఫోన్ చేసి నీ పరిశోధన ఇక్కడ పారలేదంది. తర్వాత వారం మళ్ళీ చేసింది. షాపింగ్‌కి పోతూ ఇద్దరికీ దారిలో నిజంగానే మాటామాటా పెరిగిందట, విజయవాడలో అమ్మకుండా ఉంచిన స్థలం దగ్గర. ఎవరు సంతకం పెట్టారు, ఎవరు పెట్టలేదు, డబ్బులు ఎవరు తిన్నారు అని కేకలేసుకుంటుంటే వెనక నుంచి హెడ్‌ఫోన్ తీసిన చప్పుడైందట. ముందుకు వంగి, రెండు సీట్ల మధ్య తలపెట్టి అడిగాడట: "ఏ బాబాయి?"